రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన మారుతి 800ను ఇంటి దగ్గరే బాగుచేసుకోవడం: సమగ్ర మార్గదర్శి

మా ఇంట్లో ఉన్న మారుతి 800 1998 నాటిది. విశాఖపట్నంలో సముద్రపు గాలి నేరుగా తగిలే వీధిలో, చాలా ఏళ్లు ఆరుబయటే ఉంది. మీటరు రెండు లక్షల కిలోమీటర్లకు చేరువైన తరువాత దాన్ని తుక్కుకు ఇవ్వకుండా, సెలవు రోజుల్లో కొద్దికొద్దిగా నేనే బాగుచేసుకున్నాను. ఆ పనిలో నేర్చుకున్నది వరుసగా ఇక్కడ రాస్తున్నాను. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో ఉత్పత్తి ఆగిపోయిన ఈ కారు ఇంటి దగ్గర పని నేర్చుకోవడానికి చాలా అనువైనది. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్ చుట్టూ చెయ్యి పట్టేంత చోటు ఉంటుంది, కారు మొత్తం బరువు 650 కిలోలకు అటూఇటూగా ఉంటుంది, ఓమ్నీలోనూ ఇదే ఇంజన్ వాడారు కాబట్టి విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే సామాను నేటికీ దొరుకుతుంది. కార్బురేటర్ గురించిన భాగం తప్ప మిగిలినదంతా ఏ పాత పెట్రోలు కారుకైనా వర్తిస్తుంది.

పాత కారు విషయంలో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది పగిలిన సామాను వల్ల కాదు, బాగున్న సామానును మార్చడం వల్ల. అందుకే ఈ పని మొత్తానికీ నేను పెట్టుకున్న నియమం ఒకటే: లోపం ఫలానా చోట ఉందని పరీక్షలో తేలేవరకు ఏ సామానూ కొనకూడదు.

మొదటి అడుగు: పనిముట్లు, జాకీ విషయంలో జాగ్రత్త

స్పానర్ల సెట్టు, సాకెట్ల సెట్టు, ప్లగ్ స్పానర్, ఫీలర్ గేజ్ (సన్నని ఖాళీలు కొలిచే రేకులు), డిజిటల్ మల్టీమీటర్, కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచేది), టార్క్ రెంచ్ (ఎంత బలంగా బిగించామో చూపే స్పానర్), తుప్పు వదిలించే స్ప్రే, ఇంజన్ సైజుకు తగిన వర్క్‌షాప్ మాన్యువల్, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. కంప్రెషన్ గేజ్, టార్క్ రెంచ్ అరువు తెచ్చుకున్నా ఇబ్బంది లేదు, మల్టీమీటర్ మాత్రం సొంతంగా ఉండాలి.

జాకీ కారును ఎత్తడానికే తప్ప పట్టి ఉంచడానికి కాదు. ఎత్తిన తరువాత రెండు టన్నుల బరువు మోసే ఇనుప స్టాండ్లను చాసిస్‌లో గట్టి చోట్ల పెట్టి, నేలమీద ఉన్న చక్రాలకు ముందూ వెనుకా చెక్క దుంగలు అడ్డుపెట్టి, కారును చేత్తో గట్టిగా ఊపి చూసి, కదలదని నమ్మకం కుదిరిన తరువాతే కిందికి దూరాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పేర్చి వాటిపై కారు నిలబెట్టడం మన దగ్గర మామూలే అయినా, ఇటుక ముందుగా ఏ గుర్తూ చూపకుండా ఒక్కసారిగా పిండి అవుతుంది. స్టాండ్లు లేకపోతే ఆ రోజుకు కిందికి దూరే పని మానుకోవడమే సరైనది.

రెండో అడుగు: ఒక రోజంతా చూడడం, రాయడం

స్పానర్ పట్టకముందు కారు చెప్పేది వినాలి. రాత్రి ఇంజన్ కింద ఒక పెద్ద అట్టముక్క పరిచి, పొద్దున్నే దానిపై పడ్డ మరకలు చూడాలి. నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్, పచ్చగా తియ్యని వాసన వస్తుంటే కూలెంట్, చక్రం లోపలివైపు తడిగా ఉంటే బ్రేక్ ఆయిల్ అని అనుమానించాలి. ఆపైన చల్లగా ఉన్న ఇంజన్‌ను స్టార్ట్ చేసి, వెనక ఒకరిని నిలబెట్టి సైలెన్సర్ పొగ చూడమనాలి. నల్ల పొగ పెట్రోలు ఎక్కువగా మండుతున్నదని చెబుతుంది. తెల్లని దట్టమైన పొగ ఇంజన్ వేడెక్కిన తరువాత కూడా ఆగకపోతే కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతున్నట్టు. నీలిపొగ ఆయిల్ కాలుతున్నదనడానికి గుర్తు, అయితే అది ఎప్పుడు వస్తున్నదో గమనించడం చాలా ముఖ్యం. స్టార్ట్ చేసిన వెంటనే ఒక్క గుప్పున వచ్చి తగ్గిపోతే వాల్వు సీళ్లు గట్టిపడి ఉంటాయి, ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ వస్తుంటే పిస్టన్ రింగులు అరిగి ఉంటాయి. మొదటిదానికి ఖర్చు కొంచెం, రెండోదానికి ఇంజన్ దింపాలి.

ఆ తరువాత ఇరవై నిమిషాలు నడిపి, ప్రతి చప్పుడూ ఎప్పుడు, ఏ వేగంలో, ఏ వైపు తిప్పినప్పుడు వస్తున్నదో పుస్తకంలో రాసుకోవాలి. నా పుస్తకంలో మొదటి రోజే పదిహేడు ఫిర్యాదులు చేరాయి. పని ముగిసేసరికి వాటిలో ఆరింటికి మూలం ఒకే ఒక్క తీగ అని తేలింది. దాని గురించి నాలుగో అడుగులో చెబుతాను.

మూడో అడుగు: ముందు ఆగాలి, తరువాతే పరుగు

ఇంజన్ ఎంత ఊరించినా బ్రేకుల పని పూర్తయ్యేవరకు దాని జోలికి పోకూడదు. నాలుగు చక్రాలూ ఊడదీసి, ముందు డిస్కుల ప్యాడ్ల మందం, వెనక డ్రమ్ముల్లో షూల మందం చూడాలి. వెనక వీల్ సిలిండర్ల రబ్బరు తొడుగును వేలితో కొద్దిగా ఎత్తితే లోపల తడి కనిపించకూడదు. కనిపించిందంటే ఆ సిలిండర్ మార్చాల్సిందే. డ్రమ్ములోని దుమ్మును నోటితోనో గాలి పంపుతోనో ఊదకూడదు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడిచి పారేయాలి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టిన తరువాత అది 140 డిగ్రీలకే మరిగే స్థాయికి దిగుతుంది. సింహాచలం ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తగా కిందికి జారిపోవడానికి కారణం ఇదే. రెండేళ్లు దాటిన ఆయిల్‌ను పూర్తిగా మార్చాలి. మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కినప్పుడు బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు నెట్టే భాగానికి) దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావడం సాధారణ పద్ధతి. ఒకరు పెడల్ మూడు సార్లు తొక్కి పట్టి ఉంచాలి, మరొకరు చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే నిపిల్ వదులు చేసి గాలి బుడగలతో సహా పాత ఆయిల్‌ను సీసాలోకి వదిలి, పెడల్ పైకి రాకముందే నిపిల్ బిగించాలి. బ్రేక్ ఆయిల్ పోసే పై డబ్బా ఒక్కసారి ఖాళీ అయినా పని మళ్లీ మొదటికి వస్తుంది.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక జాగ్రత్త ఉంది. ఏళ్ల తరబడి సగం వరకే కదిలిన మాస్టర్ సిలిండర్ లోపలి కింది భాగంలో తుప్పు, మడ్డి పేరుకొని ఉంటాయి. ఇలా గాలినీ పాత ఆయిల్‌నూ వదిలేటప్పుడు (దీన్నే బ్లీడింగ్ అంటారు) పెడల్‌ను నేలదాకా తొక్కితే లోపలి రబ్బరు సీళ్లు ఆ గరుకుపై రాసుకొని చిరిగిపోతాయి. అందుకని పెడల్ కింద రెండు అంగుళాల చెక్కముక్క పెట్టి తొక్కించాలి.

నాలుగో అడుగు: ఎర్త్ తీగ చెప్పిన పాఠం

మా కారు పొద్దున్న బాగానే స్టార్ట్ అయ్యేది. అరగంట నడిపి ఎక్కడైనా ఆపితే, మళ్లీ సెల్ఫ్ కొట్టినప్పుడు ఒక్కసారి మూలిగి ఊరుకునేది. నేను చూపించిన మొదటి షెడ్డులో బ్యాటరీ మార్చారు. రెండో చోట సెల్ఫ్ మోటార్ విప్పి కార్బన్లు మార్చారు. రెండుసార్లూ వారం రోజులు బాగుండి మళ్లీ అదే జబ్బు వచ్చింది. చివరికి ఇంటి దగ్గర పది నిమిషాల పరీక్షలో కారణం దొరికింది.

ఆ పరీక్ష ఇలా చేయాలి. ముందు ఇంజన్ ఆపి బ్యాటరీ కొలవాలి, పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో బాగా పనిచేస్తున్నట్టే. ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ కాకుండా ఇగ్నిషన్ కాయిల్‌కు వెళ్లే కరెంటు తీగ ఊడదీయాలి. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి, ఎర్ర తీగ మొనను ఇంజన్ బ్లాకులో పెయింటు లేని ఇనుముకు, నల్ల తీగ మొనను బ్యాటరీ నెగటివ్ స్తంభానికి తాకించాలి. క్లాంపుకు కాదు, సీసపు స్తంభానికే తాకించాలి. మరొకరు సెల్ఫ్ కొట్టినప్పుడు మీటరు 0.2 వోల్టుల లోపే ఉండాలి. అర వోల్టు దాటితే ఇంజన్‌కూ బ్యాటరీకీ మధ్య ఎర్త్ దారి, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి, పాడైనట్టు. మా కారు 1.4 చూపించింది.

ఎర్త్ తీగ పైకి చక్కగానే ఉంది. గేర్‌బాక్సుకు బిగించిన చివర నల్లని తొడుగును బ్లేడుతో రెండు అంగుళాలు చీల్చితే, లోపల రాగి పోగులు ఆకుపచ్చని పొడిగా మారి వేళ్ల మధ్య రాలిపోయాయి. దానికి బ్యాటరీ ఆవిరి, సముద్రపు ఉప్పు గాలి కారణం. చల్లగా ఉన్నప్పుడు మిగిలిన నాలుగు పోగులు ఎలాగో కరెంటు మోసేవి, వేడెక్కితే నిరోధం పెరిగి చేతులెత్తేసేవి. కొత్త తీగ కొని, అది బిగించే చోట లోహం మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, బిగించిన తరువాత పైన వేజలీన్ రాశాను. ఆ సాయంత్రమే హెడ్‌లైట్ల మసక, హారన్ బొంగురు, వైపర్ల నత్తనడక, హార్న్ కొడితే మీటరు బోర్డు దీపం ఆరడం, డబుల్ ఇండికేటర్ వేగం మారడం, సెల్ఫ్ మూలుగు ఆరూ ఒకేసారి పోయాయి. నాటి నుంచి ఏ పాత కారు కరెంటు సమస్య చెప్పినా నేను మొదట అడిగేది ఎర్త్ కొలిచారా అనే.

రాత్రి ఆపిన కారు బ్యాటరీ రెండు రోజుల్లో దిగిపోతుంటే, నెగటివ్ తీగ ఊడదీసి, తీగకూ స్తంభానికీ మధ్య మీటరును ఆంపియర్లలో పెట్టి చూడాలి. 50 మిల్లీ ఆంపియర్లకు మించి పారుతుంటే, ఫ్యూజులను ఒక్కొక్కటిగా పీకుతూ ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో చూస్తే దొంగ దొరుకుతాడు.

ఐదో అడుగు: కూలింగ్

మన ఎండల్లో పాత కార్ల ఇంజన్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. వేడెక్కుతోందని చెప్పగానే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు వెళ్లనివ్వని చిన్న వాల్వు) పీకి పారేసే అలవాటు మన షెడ్డుల్లో చాలాకాలంగా ఉంది. అది తప్పు. థర్మోస్టాట్ లేని ఇంజన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, ఆలోపు పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరి కాక మడ్డిగా మారుతుంది. అసలు రోగం, అంటే మూసుకుపోయిన రేడియేటర్, అలాగే మిగిలిపోతుంది. మీ కారులో థర్మోస్టాట్ ఉందో లేదో విప్పి చూడాలి. ఉంటే దాన్ని దారంతో కట్టి నీళ్ల గిన్నెలో వేలాడదీసి, వంటింటి థర్మామీటర్ పెట్టి కాచాలి. దానిమీద ముద్రించిన డిగ్రీల దగ్గర, సాధారణంగా 82 ప్రాంతంలో, అది తెరుచుకోవడం మొదలుపెట్టి ఆపైన పూర్తిగా తెరుచుకోవాలి.

రేడియేటర్‌లో ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసి ఉంటే లోపలి గొట్టాల్లో సున్నం పేరుకొని ఉంటుంది. ఇంజన్ నడిచి వేడెక్కిన తరువాత ఆపి, ఫ్యాన్ ఆగిందని చూసుకొని, రేడియేటర్ ముందు భాగంపై అరచేతిని దగ్గరగా జరిపితే కొన్ని చోట్ల చల్లగా తగులుతుంది. అక్కడ గొట్టాలు పూడుకుపోయినట్టు. అలాంటిది రేడియేటర్ రిపేరు చేసేవారి దగ్గర విప్పించి రాడ్డు కొట్టించాలి, ఇంట్లో మందు పోసి కడిగితే పూర్తిగా పోదు. రేడియేటర్ మూతను చిన్నచూపు చూడకూడదు. నీరు మామూలుగా 100 డిగ్రీలకు మరుగుతుంది, మూత లోపల ఒత్తిడి నిలిపి ఉంచడం వల్ల ఆ హద్దు దాదాపు 120కి పెరుగుతుంది. రబ్బరు చీలిన మూత కొత్త రేడియేటర్‌ను కూడా పొంగించేస్తుంది. వేడి మీద ఆ మూత ఎన్నడూ తిప్పకూడదు. చివరగా కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయాలి. తీసేసిన కూలెంట్ తియ్యగా ఉండే విషం, కాబట్టి వీధి కుక్కలకూ పిల్లలకూ అందకుండా సీసాలో మూతపెట్టి ఉంచాలి.

ఆరో అడుగు: ఇంజన్ ఆరోగ్యం తేల్చడం

ఇంజన్ వేడిగా ఉండగా మూడు ప్లగ్గులూ తీసి వరుసలో పెట్టాలి. లేత ఇటుక రంగు ఆరోగ్యానికి గుర్తు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, తడి నలుపు ఉంటే ఆయిల్ దిగుతోంది. వాటి తీగలు ఊడదీసే ముందే 1, 2, 3 అని టేపు మీద రాసి అంటించాలి, ఈ ఇంజన్ మండే క్రమం 1-3-2 కాబట్టి రెండు తీగలు తారుమారైతే మిస్ కొడుతుంది.

ఇప్పుడు కాయిల్ తీగ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ఒక్కో సిలిండర్‌లో కంప్రెషన్ గేజ్ బిగించి ఐదారు చుట్లు సెల్ఫ్ కొట్టాలి. మూడు అంకెలూ మాన్యువల్ చెప్పిన దానికి దగ్గరగా ఉండాలి, అంతకన్నా ముఖ్యంగా ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తక్కువైతే ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె పైకి వస్తే రింగులు, కదలకపోతే వాల్వులు. పక్కపక్క రెండూ తక్కువైతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలి ఉండవచ్చు. వాల్వు అనుకున్నప్పుడు కూడా హెడ్ విప్పే ముందు ట్యాపెట్ల (వాల్వులను నొక్కే భాగాల) ఖాళీ సరిచేసి మరోసారి కొలవాలి, మా కారులో రెండో సిలిండర్ ఆ ఒక్క పనితోనే మిగిలినవాటి సరసన చేరింది. రింగులు పోయాయని తేలితే బోరింగ్ పని ఇంటిది కాదు, మంచి మెషిన్ షాపుకు ఇవ్వాలి.

పెట్రోలు గొట్టాల విషయంలో ఆలస్యం పనికిరాదు. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు మామూలైంది. తొంభైల్లో చేసిన రబ్బరు గొట్టాలు, కార్బురేటర్ గ్యాస్కెట్లు దాన్ని దృష్టిలో పెట్టుకొని చేసినవి కావు. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా కొత్తవి వేసి, క్లిప్పులు కూడా మార్చాలి. ఇథనాల్ తేమను లాగుతుంది, అందుచేత కారును నెలల తరబడి కదపకుండా ఉంచేటట్లయితే ట్యాంకులో పాత పెట్రోలు నిలవ ఉంచకూడదు. కార్బురేటర్ జెట్‌లను క్లీనర్ స్ప్రేతోనూ గాలితోనూ శుభ్రం చేయాలి. సన్నని తీగ దూర్చితే రంధ్రం పెద్దదై మైలేజీ శాశ్వతంగా పడిపోతుంది. 2000 ప్రాంతం నుంచి వచ్చిన ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్‌కు బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) కార్లకు ఈ పని ఉండదు.

ఐడ్లింగ్ ఎంత సరిచేసినా నిలవకపోతే, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలీ పెట్రోలూ చేర్చే గొట్టం) అతుకుల మీదా వాక్యూమ్ గొట్టాల మీదా స్ప్రే సీసాతో కొద్దిగా నీళ్లు చల్లాలి. ఏ చోట తడిపినప్పుడు ఇంజన్ శబ్దం క్షణం మారిందో అక్కడ గాలి దూరుతున్నట్టు. దీనికి పెట్రోలు వాడమనేవారు ఉన్నారు, వేడి సైలెన్సర్ పక్కన ఆ పని చేయవద్దు.

టైమింగ్ బెల్ట్ (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే బెల్టు) ఎప్పుడు మార్చారో రుజువు లేకపోతే అడగడం మాని మార్చేయాలి. పెట్రోలు గొట్టాలు కాక, పరీక్ష లేకుండా సామాను కొనమని నేను చెప్పే చోటు ఇదొక్కటే. గేర్‌బాక్సు ఆయిల్ మార్చేటప్పుడు ముందు నింపే నట్టు ఊడుతుందో లేదో చూసి, ఆపైనే కింది నట్టు విప్పాలి. ఈ వరుస తప్పి, నింపే నట్టు ఊడకపోతే, ఖాళీ గేర్‌బాక్సుతో కారును నడపకూడదు.

ఏడో అడుగు: కింది భాగం, టైర్లు

స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడిపినప్పుడు టకటకమంటే యాక్సిల్ జాయింట్ అరిగింది, దాని రబ్బరు బూటు చిరిగి గ్రీజు పోయి ఉంటుంది. ఎత్తిన చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే కదలిక బాల్ జాయింట్‌దో బేరింగ్‌దో, పక్కలా పట్టి ఊపితే స్టీరింగ్ రాడ్ చివరలది. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. గాడులు ఎంత లోతుగా ఉన్నా, ఆరేళ్లు దాటి పక్కల్లో సన్నని పగుళ్లు కనిపిస్తే మార్చాలి. స్టెప్నీ సంగతి చాలామంది మరిచిపోతారు.

ఎనిమిదో అడుగు: తుప్పు

కోస్తాలో పాత కారుకు ఆయువు తీరేది ఇంజన్ వల్ల కాదు, నేల వల్ల. సీట్లు తీసి, తివాచీ పూర్తిగా పైకెత్తి, స్క్రూడ్రైవర్ పిడితో నేలంతా తట్టుకుంటూ పోవాలి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్న చోట శబ్దం మొద్దుబారుతుంది. బ్యాటరీ పళ్లెం కింద, చక్రాల పై వంపుల లోపల, తలుపుల అడుగు అంచుల్లో తప్పక చూడాలి. తలుపుల అడుగున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. మా కారులో నాలుగు తలుపుల్లోనూ అవి మట్టితో మూసుకుపోయి ఉన్నాయి, మొదటిది పుల్లతో పొడిస్తే లోపలి నుంచి అర గ్లాసు ఎర్ర నీళ్లు కారాయి.

పైపై తుప్పును తీగ బ్రష్‌తో గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు నివారిణి రాసి, డబ్బామీద చెప్పినంతసేపు ఆగి, ఎపాక్సీ ప్రైమర్ రెండు పూతలు, ఆపైన రంగు వేయాలి. ఈ పని ఉదయం మొదలుపెట్టి సాయంత్రానికి ప్రైమర్ దాకా పూర్తి చేయాలి. మా ఊరి గాలిలో బోడి రేకును ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి లేత పసుపు పొర కమ్ముతుంది, దానిమీద వేసిన రంగు ఏడాదిలో పొక్కులు లేస్తుంది. తుప్పు మీద నేరుగా లప్పం పెట్టి నున్నగా చేసి రంగు వేయడం కొనేవారిని మోసం చేసే పని, సొంత కారుకు అసలే చేయకూడదు. రంధ్రం పడిన చోట, ముఖ్యంగా సీటు బెల్టు, సస్పెన్షన్ బిగించే చోట్ల, రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించడం తప్ప దారి లేదు. అది టింకరింగ్ చేసే మంచి పనివాడికి అప్పగించాలి, వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు ఊడదీయించాలి. బోలు భాగాల లోపల వాడేసిన ఇంజన్ ఆయిల్ కొట్టించే అలవాటు ఉంది, అది రబ్బరును పాడుచేసి, వాన నీళ్లతో నేలలోకి దిగుతుంది. దానికి బదులు క్యావిటీ వ్యాక్స్ వాడాలి.

తొమ్మిదో అడుగు: మొదటి ఐదు వందల కిలోమీటర్లు, కాగితాలు

మొదటి వారం ఊరు దాటకుండా, రోజూ పొద్దున ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మట్టాలు పుస్తకంలో రాసుకుంటూ నడపాలి. వంద కిలోమీటర్లకు చక్రాల నట్లు మళ్లీ బిగించాలి, ఐదు వందలకు అట్టముక్క పరీక్ష మరోసారి చేసి, మొదటి రోజు రాసిన ఫిర్యాదులతో పోల్చి చూడాలి.

సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల తరువాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, ఫారం 25తో దరఖాస్తు చేస్తే బండిని తనిఖీకి తీసుకెళ్లాలి. లైట్లు, హారన్, వైపర్లు, హ్యాండ్‌బ్రేక్ అన్నీ ముందురోజే ఇంట్లో చూసుకోవాలి. భారత్ స్టేజ్ 2 అనే పొగ ప్రమాణాలకు ముందు కాలపు పెట్రోలు కారు పొగ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం (పది లక్షల భాగాల్లో 1500) మించకూడదు. పొగ పరీక్ష కేంద్రానికి వెళ్లేముందు కారును ఇరవై నిమిషాలు నడిపి ఇంజన్ పూర్తిగా వేడెక్కనివ్వాలి, చోక్ పూర్తిగా లోపలికి నొక్కి ఉందో లేదో చూసుకోవాలి. చల్లని ఇంజన్‌తో వెళ్లి తప్పిన కారే, అరగంట తరువాత ఏ మార్పూ లేకుండా దాటిపోవడం నేను చూశాను.